పెరటి చెట్ల పుట్టినిండ్లు

మన పెరళ్ళలో మామిడి, పనస అనాదిగా ఉన్నవే. వాటి సరసనే పెరుగు జామ, బొప్పాయి, సపోటా చెట్లు మాత్రము అమెరికా ఖండపు ఉష్ణసీమలలో పుట్టినవి. 1492లో కొలంబసు ఆ దిక్కునకు దారితీసెను. 1498లో వాస్కోడగామా కోళిక్కోడు తీరము చేరెను. ఆ పిమ్మట పోర్చుగీసు, స్పానిషు ఓడలు ఈ ఫలజాతులను తూర్పునకు తెచ్చినవి. బొప్పాయి అను పేరులో 'పపాయా' అను పరదేశిధ్వని నేటికిని వినవచ్చును.

సీతాఫలము కథ కొంత చిక్కైనది. క్రీస్తుకు పూర్వపు భర్హుత్ శిల్పములలో ఆ పండు కలదని పురాతత్త్వవేత్త కన్నింగుహాము తలచెను. అదియే నిజమైనచో అది కొలంబసుకంటె పదునైదు వందల ఏండ్ల ముందే ఇచ్చట ఉండవలెను. కాని దాని దగ్గరి జాతులలో పెక్కింటికి అడవిపుట్టుక అమెరికాయే. శిల్పములోని పండు పోలిక కంటికి తోచునది మాత్రమే. కనుక వృక్షశాస్త్రజ్ఞులలో పెక్కుమంది ఆ వాదము నంగీకరింపలేదు. మాకును వారి మాటయే సమంజసముగా తోచుచున్నది.

ఇందువలన మనకు కలుగు లోటేమి? దూరదేశపు పండునకు సీతమ్మ పేరు పెట్టి, నీరు పోసి పెంచినవారు మన పెద్దలు. పరాయివని పెరికివేయ బూనినచో పెరడు సగము బోసిపోవును. అంతయేల? మన ఆవకాయజాడీలో మామిడి మనది, మిరప అమెరికాది, వాటిని విడదీయగలవారెవరు?