ట్యాంకుల కోసం చేసిన ఫిరంగి, రంగం దారిలో పడవలు

గత దసరా సెలవుల్లో బరంపురంలో మా పెద్దనాన్న ఇంటికి వెళ్ళాను. అక్కడ అన్నయ్య కంప్యూటరులో వార్ థండర్ అనే యుద్ధం ఆట ఆడుతున్నాడు. అందులో జర్మనీ వాళ్ళ స్టూకా విమానం ఒకటి ఉంది. దాని రెక్కల కింద రెండు పొడవాటి ఫిరంగులు వేలాడుతూ ఉంటాయి. అన్నయ్య విమానాన్ని బాగా కిందికి దించి, ఒక ట్యాంకు వెనక వైపు గురి పెట్టి నొక్కాడు. రెండు మెరుపులు, తర్వాత నల్లటి పొగ. "చూశావా, 37 మిల్లీమీటర్లు!" అన్నాడు. తర్వాత నాకు ఇచ్చాడు. పది నిమిషాల్లో నేను నాలుగు సార్లు విమానాన్ని నేలకి గుద్దేశాను. ఒక్క ట్యాంకుకి కూడా తగల్లేదు.

నాకు ఒకటి వింతగా అనిపించింది. గుండ్లు అయిపోతే కొంచెం సేపు ఆగితే చాలు, గాలిలోనే మళ్ళీ నిండుతున్నాయి. ఇదేంటి అని అడిగితే "ఇది ఆర్కేడ్ రా, అలాగే ఉంటుంది. నిజం స్టూకాకి ఒక్కో ఫిరంగిలో 12 గుండ్లే" అన్నాడు. అంటే రెండింటికీ కలిపి 24. అవి అయిపోతే ఇంటికి తిరిగి రావాల్సిందే.

సెలవులయ్యాక మా చరిత్ర సార్‌ని అడిగాను, ఇలాంటి విమానాలు మన వైపు ఎప్పుడైనా వచ్చాయా అని. ఆటల గురించి అడిగినందుకు తిడతారేమో అనుకున్నాను. సార్ తిట్టలేదు. "బర్మా యుద్ధం చదువు, హరికేన్ అని ఉంటుంది" అన్నారు. అక్కడి నుంచి మొదలైంది ఈ వ్యాసం. ఇది చివరికి మా ఇంటికే వస్తుందని అప్పుడు నాకు తెలియదు.

ముందు ఆ ఫిరంగి సంగతి. ట్యాంకుకి ముందు వైపు ఇనుము చాలా మందంగా ఉంటుంది, ఎందుకంటే శత్రువు ఎదురుగా ఉంటాడు కాబట్టి. పైకప్పు, వెనక ఇంజను మీద మూత మాత్రం పలచగా ఉంటాయి. నేల మీద ఉన్నవాడికి అవి అందవు, పైనుంచి వచ్చేవాడికి అందుతాయి. అందుకే విమానానికి ఫిరంగి కట్టాలని చాలా దేశాలకి ఆలోచన వచ్చింది. ఇంగ్లీషు వాళ్ళు హరికేన్ విమానం రెక్కల కింద విక్కర్స్ ఎస్ అనే 40 మిల్లీమీటర్ల ఫిరంగులు రెండు కట్టారు. ఆ రకానికి హరికేన్ 2డి అని పేరు. 1942 జూన్‌లో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో మొదట వాడారు. ట్యాంకుల్ని డబ్బా మూతల్లాగ కోస్తాయని ఆ స్క్వాడ్రన్‌కి "ఎగిరే డబ్బా కత్తులు" అని అర్థం వచ్చే ముద్దు పేరు పెట్టారు.

ఒక్కో ఫిరంగికి 15 గుండ్లు. ఒక్కో గుండు బరువు కిలో పైన. సైన్సులో న్యూటన్ మూడో నియమం చదివాం కదా, గుండు ముందుకి పోతే ఫిరంగి వెనక్కి తంతుంది. ఈ ఫిరంగులు రెక్కల కింద ఉన్నాయి కాబట్టి పేల్చినప్పుడల్లా విమానం ముక్కు కిందికి వాలిపోయేది. పైలట్ మళ్ళీ ముక్కు ఎత్తి, మళ్ళీ గురి చూసి, మళ్ళీ పేల్చాలి. గురి సరిపోయిందో లేదో చూసుకోడానికి రెండు చిన్న మెషిన్‌గన్‌లు వేరే ఉండేవి. వాటి మెరిసే తూటాలు ఎక్కడ తగులుతున్నాయో చూసి అప్పుడు పెద్దది పేల్చేవారు. ఇదంతా తాటిచెట్లంత ఎత్తులో, కింద నుంచి వాళ్ళు కాలుస్తూ ఉండగా చెయ్యాలి. నేను నాలుగు సార్లు నేలకి గుద్దడంలో ఆశ్చర్యం లేదు.

1943లో ఈ విమానాలు మన దేశానికి వచ్చాయి. ఇంగ్లీషు వాయుసేన 20వ స్క్వాడ్రన్‌కి ఇచ్చారు. అదే కాలంలో మన ఒడిశాలోనే, మయూర్‌భంజ్ జిల్లా అమర్దా రోడ్ దగ్గర పెద్ద రన్‌వే కట్టి, బర్మా వైపు యుద్ధం చేసే పైలట్లకి గురి నేర్పే బడి పెట్టారు. దాన్ని నడిపింది ఫ్రాంక్ క్యారీ అనే పేరున్న పైలట్. ఆ రన్‌వే ఇప్పటికీ ఉంది. అప్పట్లో మన భారత వాయుసేన కుర్రాళ్ళు కూడా హరికేన్లే నడిపారు. అర్జన్ సింగ్ గారు 1944లో ఇంఫాల్ దగ్గర 1వ స్క్వాడ్రన్‌ని నడిపించింది హరికేన్ల మీదే. కాకపోతే వాళ్ళ విమానాలకి ఈ పెద్ద ఫిరంగులు లేవు.

20వ స్క్వాడ్రన్ 1943 ఆఖరులో అరకాన్ వైపు వెళ్ళింది. అరకాన్ అంటే బర్మాకి పడమటి ఒడ్డు, చిట్టగాంగ్ కింద ఉంటుంది. అక్కడ అంతా ఏరులు, ఉప్పు కయ్యలు, అడవి. ఇక్కడే నేను చదవడం ఆపి మళ్ళీ మొదటి నుంచి చదివాను. అక్కడ జపాన్ వాళ్ళ ట్యాంకులు దాదాపు లేవు! ట్యాంకుల కోసం చేసిన ఫిరంగి పట్టుకుని వెళ్తే ట్యాంకులే లేవు. మరి దేని మీద పేల్చారు? లారీల మీద, మట్టి బంకర్ల మీద, అన్నిటికంటే ఎక్కువగా పడవల మీద. సంపాన్లు అంటారు వాటిని. రోడ్లు లేని చోట జపాన్ సైన్యానికి బియ్యం, మందుగుండు ఆ పడవల్లోనే వెళ్ళేవి. ట్యాంకు ఇనుముని చీల్చే గుండు చెక్క పడవకి తగిలితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

మేము పడవల వాళ్ళం. మా ఊరు గోపాల్‌పూర్ ఒడ్డున ఉంది. ఒడియా వాళ్ళు మమ్మల్ని నోలియాలు అంటారు, ఇంట్లో తెలుగే మాట్లాడుతాం. అందుకే ఆ పడవల సంగతి నాన్నమ్మకి చెప్పాను. నాన్నమ్మ చేప ముల్లు తీస్తూ వింది. "అరకానా? మీ ముత్తాత అటు నుంచే వచ్చేడు కదరా" అంది.

నాకు సగమే తెలుసు ఆ కథ. మా ముత్తాత రంగం వెళ్ళాడని తెలుసు. రంగం అంటే రంగూన్. మన గంజాం, శ్రీకాకుళం వైపు ముసలివాళ్ళు ఇప్పటికీ అలాగే అంటారు. అప్పట్లో గోపాల్‌పూర్ నుంచి స్టీమర్లు రంగానికి వెళ్ళేవి. స్టీమరు ఒడ్డుకి రాలేదు, దూరంగా లంగరు వేసేది. కూలీలని మా వాళ్ళే పడవల్లో కెరటాలు దాటించి తీసుకెళ్ళి ఎక్కించేవారు. బియ్యం మిల్లుల్లో, రేవులో మూటలు మొయ్యడానికి వేలకి వేలమంది తెలుగు వాళ్ళు అలా వెళ్ళారు. వాళ్ళని అక్కడ కోరంగీలు అనేవారు. మా ముత్తాత మొదట పడవ వేసేవాడే. జనాన్ని ఎక్కించి ఎక్కించి, ఒక రోజు తనే స్టీమరు ఎక్కేశాడట.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చి 8న ఊరు వాళ్ళ చేతిలోకి వెళ్ళిపోయింది. స్టీమరు టికెట్టు డబ్బున్న వాళ్ళకే దొరికింది. మిగతా వాళ్ళు నడిచారు. లక్షల మంది. పేదవాళ్ళు ఎక్కువమంది ప్రోమ్ ఊరు మీదుగా కొండలు దాటి అరకాన్ ఒడ్డుకి వచ్చి, అక్కడి నుంచి దొరికిన పడవ పట్టుకుని అక్యాబ్, తర్వాత చిట్టగాంగ్ చేరారు. కలరాతో, దాహంతో దారిలోనే చాలామంది పోయారు. అదే సంవత్సరం ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడ మీద కూడా బాంబులు వేశాయి. మన తీరం ముందు సముద్రంలో సరుకు ఓడల్ని ముంచేశారు. అంటే రంగం నుంచి పారిపోయి వచ్చినవాడికి ఇంటి దగ్గరా యుద్ధమే.

ముత్తాతని అరకాన్ కయ్యల్లో ఒక పడవవాడు ఎక్కించుకున్నాడట. చేతిలో డబ్బు లేదు. పడవ వెయ్యడం వచ్చని చెబితే తెడ్డు ఇచ్చాడట. మూడు రోజులు తెడ్డు వేశాడు, రెండు పూటలా అన్నం పెట్టాడు ఆ మనిషి. అతని పేరు, అతని భాష ఏవీ ముత్తాతకి తెలియదు. ఆ అన్నం సంగతి మాత్రం చచ్చేదాకా చెప్పేవాడని నాన్నమ్మ అంది.

నేను లెక్క వేశాను. ముత్తాత ఆ పడవ ఎక్కింది 1942లో. హరికేన్లు ఆ ఏరుల మీదకి వచ్చింది 1943 ఆఖరులో. రెండేళ్ళు కూడా లేదు. ఆ పడవవాడు అప్పటికీ పడవ వేస్తూనే ఉండి ఉండాలి కదా, అతనికి వేరే పని ఏముంటుంది. జపాన్ వాడు తుపాకి చూపించి బియ్యం ఎక్కించమంటే ఎక్కించడా? ఈ మాట నాన్నమ్మతో అంటే ఆవిడ వెంటనే అడిగింది: "పైనుంచి చూస్తే ఏ పడవలో ఎవుడున్నాడో ఎలాగ తెలుస్తాదిరా?"

దీనికి నేను చదివిన దాంట్లో జవాబు లేదు. అలాగని పైలట్ల మీద తప్పు వేసెయ్యడం కూడా నాకు సరిగ్గా అనిపించదు. ఆ పడవల్లో వెళ్ళిన మందుగుండు ఎవరి మీద పేలింది? అవతల ఉన్న 14వ సైన్యంలో ఎక్కువమంది మన దేశం వాళ్ళే. పడవ వెళ్ళనిస్తే వాళ్ళు చస్తారు, పడవని కొడితే పడవవాడు చస్తాడు. మా క్లాసులో దీని మీద ఒక పీరియడ్ అంతా వాదించుకున్నాం. గంట కొట్టేసరికి ఇద్దరు ముగ్గురు మాట్లాడుకోవడం మానేశారు కూడా.

ట్యాంకులు చివరికి దొరికాయి. 1945 ఫిబ్రవరిలో మన 20వ డివిజన్ మ్యిన్‌ము దగ్గర ఐరావతి నది దాటింది. జపాన్ వాళ్ళు బర్మాలో ఉన్న ఒకే ఒక్క ట్యాంకు రెజిమెంటుని అటు తెచ్చారు. పగలు కొమ్మలు, ఆకులు కప్పి దాచేవారు. కానీ నేల మీద చక్రాల పట్టీల గుర్తులు దాచలేకపోయారు. 20వ స్క్వాడ్రన్ పైలట్లు ఆ గుర్తులు పట్టుకుని వెతికి, ఒక్క రోజులోనే డజను దాకా ట్యాంకుల్ని పాడుచేశారు. జపాన్ చిన్న ట్యాంకుకి ఇనుము 12 మిల్లీమీటర్లే, ఈ గుండు 50 దాకా చీల్చగలదు. ఏడాదికి పైగా మోసిన ఫిరంగి, ఏ పని కోసం పుట్టిందో ఆ పని అంత బాగా చేసింది ఆ ఒక్క రోజే. పుస్తకాల్లో ఆ రోజు గురించే ఎక్కువ రాస్తారు. పడవల గురించి ఒక వాక్యం ఉంటుంది.

40 మిల్లీమీటర్లు అంటే మా ఊళ్ళో కొత్త మాట కాదు. గోపాల్‌పూర్‌లో 1989 నుంచి సైన్యం వాళ్ళ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది. విమానాల్ని కొట్టే ఎల్-70 ఫిరంగి వాళ్ళు నేర్పే వాటిలో ఒకటి, అదీ 40 మిల్లీమీటర్లే. విక్కర్స్ ఎస్ పైనుంచి కిందికి కాలిస్తే, ఇది కింద నుంచి పైకి కాలుస్తుంది. సముద్రం వైపు ఫైరింగ్ ఉన్న రోజుల్లో ముందే చాటింపు వస్తుంది, మా వాళ్ళు వేటకి వెళ్ళరు. నాన్న ఇంటి ముందు వల బాగు చేసుకుంటూ కూర్చుంటాడు. ఆ చప్పుడుకి మా చిన్న చెల్లి మొదట్లో ఏడ్చేది, ఇప్పుడు లెక్కపెడుతుంది.

మొన్న అట్లాసు తెచ్చి నాన్నమ్మ ముందు పెట్టాను. ముత్తాత ఎక్కడ పడవ ఎక్కాడో ఊరి పేరు గుర్తుందా అని అడిగాను. "టంగు అనో టాంగు అనో ఏదో అనీవోడు" అంది. అరకాన్ ఒడ్డు వెంట వేలు పెట్టి చూస్తే టౌంగప్ అని ఉంది. నాన్నమ్మకి చదవడం రాదు. ఆ పేరు మీద వేలు పెట్టించుకుని, అక్కడి నుంచి గోపాల్‌పూర్ ఎక్కడో చూపించమంది. చూపించాను. మధ్యలో ఉన్న నీలం రంగంతా జానతో కొలిచి, "ఇంతేనా" అంది.