పాత కంప్యూటరు – క్రొత్త గ్రాఫిక్స్ కార్డు

ఆటలకొరకు ఇంట అమర్చుకొన్న కంప్యూటరు కొన్ని యేండ్లు గడచునప్పటికి క్రొత్త ఆటలకు చాలకపోవును. తెరపై కదలికలు ఆగి ఆగి సాగును. అప్పుడు యజమాని యెదుట రెండు మార్గములుండును. యంత్రము నంతటిని మార్చుట ఒకటి. బొమ్మలను గీయు గ్రాఫిక్స్ కార్డును మాత్రము మార్చుట రెండవది. ఎద్దు ముసలిదైనంత మాత్రమున బండిని పారవేయరు గదా! కాని క్రొత్త ఎద్దు పాత కాడికి పొసగవలెను. గ్రాఫిక్స్ కార్డుల చరిత్రలో చాలభాగము ఈ పొసగుటకు సంబంధించినదే.

విడి కార్డు పుట్టుక

1981 ఆగస్టులో ఐ.బి.ఎం. సంస్థ తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసెను. తెరకు సంకేతములు పంపు పనిని అది ముఖ్యఫలకమైన మదర్‌బోర్డుపై పెట్టక, స్లాటులో బిగించు విడి కార్డునకు అప్పగించెను. అట్టి కార్డులు రెండు రకములు. ఒకటి అక్షరములను మాత్రమే చూపును. రెండవది రంగులను చూపును గాని, అడ్డముగా 320, నిలువుగా 200 బిందువులు గల చిత్రములో ఒకేసారి 4 రంగులకు మించి చూపజాలదు.

స్లాటు వివరములను ఐ.బి.ఎం. ప్రకటించినందున ఇతరులును కార్డులు చేయగలిగిరి. థాయి లిపిని తెరపై చూడగోరిన వాన్ సువన్నుకుల్ రూపొందించిన హెర్క్యులీస్ కార్డు 1982లో వెలువడెను. అది 720 అడ్డు, 348 నిలువు బిందువులతో బొమ్మలను, అక్షరములను చూపెను. గుణింతములు, ఒత్తులు గల లిపిని వ్రాయువారికి ఆయన అవసరము తేలికగా బోధపడును. కొన్నవారు ఐ.బి.ఎం. ఏకవర్ణపు తెరను మార్చనక్కరలేకపోయెను. కార్డు ఒక్కటి మార్చిన చాలునను సౌకర్యము ఆనాడే కనబడెను.

స్లాటు మారినప్పుడు

1993 డిసెంబరులో వెలువడిన డూమ్ ఆటలో బొమ్మను గీయు లెక్కలన్నియు ప్రాసెసరే చేయుచుండెను. మూడు కొలతల దృశ్యమును చిన్న చిన్న త్రిభుజములుగా విభజించి, ఒక్కొక్క బిందువు రంగును లెక్కించుట మిక్కిలి శ్రమ. 1996లో త్రీడీఎఫ్‌ఎక్స్ సంస్థ తెచ్చిన వూడూ కార్డు ఈ శ్రమలో పెద్ద భాగమును తనపై వేసికొనెను. అది పాత కార్డును తొలగింపలేదు. దాని ప్రక్కనే యుండి, దాని చిత్రమును ఒక తీగ ద్వారా తనలోనుండి తెరకు పంపెను. అయితే దానికి పి.సి.ఐ. స్లాటు కావలెను. అది లేని పాత యంత్రముల వారికి ఈ భాగ్యము దక్కలేదు.

పి.సి.ఐ. మార్గమున సెకనుకు 133 మెగాబైట్ల సమాచారము మాత్రమే పోగలదు. దానిని ఇతర కార్డులును పంచుకొనును. కావున 1997లో గ్రాఫిక్స్ కార్డునకే ప్రత్యేకించిన ఎ.జి.పి. స్లాటు మదర్‌బోర్డులపైకి వచ్చెను. దాని వేగము 266 మెగాబైట్లతో మొదలై, తరువాతి రూపములలో సుమారు 2,100 వరకు పెరిగెను. కాని మొదట 3.3 వోల్టులతోను, పిదప 1.5 వోల్టులతోను పనిచేయు రకములు ఏర్పడెను. తగని కార్డు దూరకుండ అంచున గంట్లు పెట్టిరి. గంట్లు సరిగా లేని కార్డును బిగించినచో మదర్‌బోర్డే చెడిపోవు ప్రమాదముండెను.

2004లో పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ స్లాటులు వచ్చినప్పుడు చిక్కు మరింత పెరిగెను. క్రొత్త కార్డు ఎ.జి.పి. స్లాటులో అసలే దూరదు. ఎ.జి.పి. యంత్రముల వారికొరకు కంపెనీలు, రెండు పద్ధతులను కలుపు వంతెన వంటి చిప్పును కొన్ని కార్డులపై అమర్చెను. రేడియాన్ హెచ్.డి. 3850 సైతము 2008లో ఎ.జి.పి. రూపమున లభించెను. కాని అప్పటికి ఆ యంత్రముల ప్రాసెసర్లు వెనుకబడెను. ప్రాసెసరు సెకనుకు 40 చిత్రములకే ఆజ్ఞలు సిద్ధపరచగలిగినచో, 100 చిత్రములు గీయగల కార్డు కూడ 40 మాత్రమే చూపును.

దూరుట వేరు, చాలుట వేరు

పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ యొక్క గొప్పదనము దాని ఆకారము మారకుండుట. 16 వరుసలు గల స్లాటు మొదట ఒక్కొక్క దిశలో సెకనుకు 4,000 మెగాబైట్లను మోసెను. 2007, 2010, 2017, 2019 సంవత్సరములలో వెలువడిన క్రొత్త తరములు ఒక్కొక్కటి ఆ వేగమును దాదాపు రెట్టింపు చేసినను, క్రొత్త కార్డు పాత స్లాటులో దూరుచునే యున్నది. దూరినంత మాత్రమున చాలునను భ్రమ కూడ అచ్చటనే పుట్టినది.

మొదటి అడ్డంకి విద్యుత్తు. స్లాటు ఇయ్యగలది 75 వాట్లు. ఆరు సూదుల తీగ మరి 75, ఎనిమిది సూదుల తీగ 150 వాట్లు ఇయ్యగలదు. 2014లో వచ్చిన జిఫోర్స్ జి.టి.ఎక్స్. 750 టి.ఐ. సాధారణ రూపమునకు 60 వాట్లే చాలును. విడి తీగ అక్కరలేదు. అందుచే చిన్న పవర్ సప్లై గల పాత ఆఫీసు కంప్యూటర్లకు కూడ అది అమరెను. 2022లో వచ్చిన జిఫోర్స్ ఆర్.టి.ఎక్స్. 4090 కోరునది 450 వాట్లు. అనగా స్లాటు ఇచ్చుదానికి ఆరు రెట్లు.

రెండవ అడ్డంకి మార్గము. 2022 జనవరిలో వచ్చిన రేడియాన్ ఆర్.ఎక్స్. 6500 ఎక్స్.టి. కార్డునకు 4 గిగాబైట్ల మెమరీయు, 4 వరుసలును మాత్రమే కలవు. నాల్గవ తరపు స్లాటులో ఆ వరుసలు సెకనుకు సుమారు 8,000 మెగాబైట్లు మోయగా, మూడవ తరపు దానిలో సగమే మోయును. ఆటకు కార్డు మెమరీ చాలనప్పుడు, మిగిలిన సమాచారము ఈ ఇరుకు దారినే రావలెను. తక్కువ స్థాయి కార్డు వెదకు పాత యంత్రము వారికే ఈ నష్టము ఎక్కువయ్యెను. అదే సంవత్సరమున వచ్చిన ఇంటెల్ ఆర్క్ కార్డులు బాగుగ పనిచేయవలెనన్న, కార్డు మెమరీ నంతటిని ప్రాసెసరు ఒకేమారు అందుకొను వసతి మదర్‌బోర్డులో నుండవలెను. పాతవానిలో అనేకమునకు ఆ వసతి లేదు.

కావున పాత యంత్రమునకు కార్డును ఎన్నుకొనునప్పుడు కార్డు శక్తిని చివరనే చూడవలెను. పవర్ సప్లై వాట్లు, తీగలు, పెట్టెలోని చోటు, స్లాటు తరము ముందుగా తెలియవలెను. ప్రాసెసరు సంగతి తెలిసికొనుటకు ఒక సులభ పరీక్ష కలదు. ఆటలో తెర బిందువుల సంఖ్యను తగ్గించి ఆడి చూడవలెను. కదలిక బాగుగ వేగము పుంజుకొన్నచో అలసినది కార్డు. దానిని మార్చిన ఫలముండును. వేగము మారకున్నచో లోపము చాలవరకు ప్రాసెసరుది. ఎంత ఖరీదైన కార్డు తెచ్చినను ఆ ఆట కుదుటపడదు. డబ్బు చెల్లింపక ముందే, ఒక్క పైసా ఖర్చు లేకుండ, ఈ సంగతి ఇంటిలోనే తేల్చుకొనవచ్చును.