ఎముకకి మైల లేదు

సుశ్రుతుడు శస్త్రచికిత్స చేశాడంటే నాకేమీ అభ్యంతరం లేదు. తెగిన ముక్కుని చర్మంతో అతికే పద్ధతి సుశ్రుత సంహితలో ఉంది. శవాన్ని నీళ్ళలో నానబెట్టి, పొరలు పొరలుగా ఒలిచి చూడమని కూడా ఉంది. నేనడిగేది ఒక్కటే: ఆ విద్య మధ్యలో ఎందుకు ఆగిపోయింది?

జవాబు కలకత్తా (ఇప్పటి కోల్‌కతా) చరిత్రలో దొరుకుతుంది. రసాయన శాస్త్రవేత్త ప్రఫుల్లచంద్ర రాయ్ తన హిందూ రసాయన శాస్త్ర చరిత్రలో దీన్ని చర్చించాడు. శవాన్ని ముట్టుకుంటే మైల అన్నాక, చేతిపనిని కింది కులాలకి వదిలేశాక శస్త్రవిద్య క్షీణించిందని ఆయన వాదన. 1836లో కలకత్తా మెడికల్ కాలేజీలో మధుసూదన్ గుప్తా శవాన్ని కోసి ఆ కట్టుబాటుని తెంచాడు. ఆయన సంస్కృత కళాశాలలో ఆయుర్వేదం చెప్పిన పండితుడే!

దంతవైద్యం ఇంకా ఆలస్యం. అమెరికాలోని అయోవాలో చదివొచ్చిన డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో దేశంలోనే మొదటి దంతవైద్య కళాశాలని కలకత్తాలో పెట్టాడు. దాని ఖర్చుల కోసం సోడా ఫౌంటెన్ దుకాణం నడిపాడు. 1949లో కళాశాలని ప్రభుత్వానికి ఇచ్చేశాడు. ఇప్పుడది ఆయన పేరుతోనే ఉంది.

పన్ను పీకిన గుంటలో గడ్డకట్టిన రక్తం ఊడిపోతే ఎముక బయటపడి ప్రాణం పోయేంత నొప్పి. పైదవడ పన్నయితే ఒక్కోసారి సైనస్‌లోకి కన్నం పడి, తాగిన నీళ్ళు ముక్కులోంచి వస్తాయి. ఇవేవీ లేకపోయినా ఏడాదిలో అక్కడి ఎముక వెడల్పు దాదాపు సగం తగ్గుతుంది. ఆ తగ్గుదలలో మూడింట రెండు వంతులు మొదటి 3 నెలల్లోనే.

వీటికి వాడే అతుకులు చూడండి. రోగి సొంత ఎముక, చెంపలోని కొవ్వు, సొంత రక్తాన్ని గిర్రున తిప్పి తీసిన ఫైబ్రిన్; దాత శవం నుంచి తీసి శుద్ధిచేసిన ఎముక; ఆవు ఎముక పొడి; పంది కొల్లాజెన్; కాన్పయ్యాక పారేసే ఉమ్మనీటి సంచి పొర. శవం, పురుడు, ఆవు, పంది... ఆచారం అంటుకోవద్దన్నవన్నీ ఇందులో ఉన్నాయి. 1965లో మార్షల్ యూరిస్ట్ ఖనిజం తీసేసిన ఎముకని జంతువుల కండరంలో పెడితే అక్కడ కొత్త ఎముక పుట్టింది. దానికి మంత్రం అక్కర్లేకపోయింది.

ఈ జబ్బు మనకొక్కరికే లేదు. కుక్క పుర్రె ఎముకతో తల బాగుచేయించుకున్న ఒక రష్యన్‌ని చర్చి వెలివేసిందని డచ్ వైద్యుడు వాన్ మీకెరెన్ పుస్తకం (1668) చెబుతుంది. తీయించుకుందామంటే అప్పటికే అది అతుక్కుపోయిందట. ఆయన విని రాసిన కథ కనుక అంతవరకే నమ్ముదాం.

అయితే రెండు మాటలు. ఆవుదో పందిదో చెప్పకుండా రోగి నోట్లో పెట్టడం హేతువాదం కాదు, మోసం. నమ్మకం తప్పయినా శరీరం అతనిది. రెండోది: మహత్తు పోయిందని "గ్రోత్ ఫ్యాక్టర్" మహత్తుని తెచ్చుకోకండి. గుంట నొప్పి రాకుండా ఆపడానికి రక్తం నుంచి తీసిన ప్లాస్మా కంటే మామూలు క్లోర్‌హెక్సిడిన్ మందుకే గట్టి ఆధారాలున్నాయి. సైనస్‌లోకి పడ్డ 1, 2 మిల్లీమీటర్ల కన్నం తరచుగా దానంతటదే పూడుతుంది. అతుకు వేస్తామంటే ముందు అడగండి: ఇది దేన్నుంచి తీశారు? వెయ్యకపోతే ఏమవుతుంది? రుజువేది?