మే దినము పుట్టుక

మన సెలవు దినములలో పెక్కు పంచాంగమునుండి వచ్చినవి. బల్కంపేట ఎల్లమ్మ తల్లి కల్యాణమునకును, బోనములకును ఆషాఢ మాసము రావలెను. మే నెల మొదటి తేదీ మాత్రము ఏ తిథిని బట్టియు ఏర్పడినది కాదు. అది శ్రమజీవులు కోరి, పోరాడి, తమలో కొందరిని కోల్పోయి సంపాదించుకొనిన దినము.

పూర్వము సూర్యాస్తమయము పనికి హద్దుగా నుండెడిది. పందొమ్మిదవ శతాబ్దమున కర్మాగారములు వెలసిన పిదప ఆ హద్దు చెరగిపోయెను. పన్నెండు, పదునాలుగు గంటల చాకిరి సామాన్యమయ్యెను. అంతట పనివారు ఒక సులభమైన లెక్క వేసిరి. రోజులోని 24 గంటలను మూడు పాళ్లు చేసి, ఒకటి పనికిని, ఒకటి నిద్రకును, ఒకటి తమకును ఉండవలెననిరి. 1856లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్ను రాతిపనివారు దీనిని సాధించిరి.

అమెరికా కార్మికులు ఇదే కోరికతో 1886 మే 1న సమ్మె కట్టిరి. షికాగో నగరము దానికి కేంద్రము. మే 3న అచ్చట పోలీసుల కాల్పులలో కార్మికులు మరణించిరి. మరునాడు హే మార్కెట్టు కూడలిలో జరిగిన నిరసన సభలో బాంబు పేలి, పోలీసులును ప్రజలును మృతి చెందిరి. దానిని విసరిన వారెవరో నేటికిని తేలలేదు. అయినను ఎనమండుగురిపై నేరము మోపి, 1887 నవంబరు 11న నలుగురిని ఉరితీసిరి. 1893లో ఇల్లినాయి గవర్నరు ఆల్ట్‌గెల్డు ఆ విచారణ అన్యాయమైనదని ప్రకటించి, చెరలో మిగిలిన మువ్వురిని విడిపించెను. అంతకు ముందే, 1889లో, పారిస్ నగరమున సమావేశమైన సోషలిస్టు ప్రతినిధులు ఎనిమిది గంటల పనిదినమునకై అన్ని దేశములందును ఒకే దినమున ప్రదర్శనలు జరుపవలెనని నిశ్చయించిరి. అట్లు 1890 మే 1న తొలి మే దినము జరిగెను.

మన దేశమున ఈ దినమును తొలుత పాటించినది మద్రాసు. ఆనాడు కోస్తా, రాయలసీమ జిల్లాలకు అదియే రాజధాని. 1918లో అచ్చట మద్రాసు లేబర్ యూనియన్ ఏర్పడియుండెను. 1923 మే 1న సింగారవేలు చెట్టియారు సముద్రతీరమున సభలు జరిపి, ఎర్రజెండా నెగురవేసి, ఆ దినమును సెలవుగా ప్రకటింపవలెనని ప్రభుత్వమును కోరెను.

హైదరాబాదు సంస్థానములో 1946లో అఖిల హైదరాబాదు ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు వెలసెను. సిటీ కళాశాల అధ్యాపక పదవిని విడిచివచ్చిన ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ దానికి అధ్యక్షుడు. అప్పటికే, 1942లో, బల్కంపేటకు చేరువనున్న సనత్‌నగరు ప్రాంతమున ఆల్విన్ కర్మాగారము నెలకొనియుండెను. ఆ సంస్థ నేడు లేదు. దాని రిఫ్రిజిరేటర్లను, బస్సులను మరువనివారు మాత్రము ఇంకను కలరు.

చట్టము మెల్లమెల్లగా కదలెను. కర్మాగారములలో పెద్దల పని 1922 చట్టముచే వారమునకు 60 గంటలకును, 1934 చట్టముచే నిరంతరము నడచు కర్మాగారములలో 54 గంటలకును, 1946 సవరణచే 48 గంటలకును తగ్గెను. స్వాతంత్ర్యానంతరము వచ్చిన 1948 ఫ్యాక్టరీల చట్టము ఆ 48 గంటల హద్దును స్థిరపరచెను. ఆంధ్రప్రదేశములో 1974 నాటి సెలవుల చట్టము జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2లతోపాటు మే 1ని కూడ కర్మాగారములందును, ఇతర సంస్థలందును సెలవు దినముగా జేర్చెను. సముద్రతీరమున వినిపించిన కోరికకును ఈ చట్టమునకును నడుమ 51 సంవత్సరములు గడచెను.

ఆ కథ ముగియలేదు. 2025లో తెలంగాణ ప్రభుత్వము వారమునకు 48 గంటల హద్దును నిలిపియే, వాణిజ్య సంస్థలలో రోజుకు 10 గంటల వరకు పనిని అనుమతించెను. ఇక ఇంటిపనివారికిని, కూలికి పోవు తాపీపనివారికిని మే 1న పని మానిన నాటి కూలి పోవుచునే యున్నది.

ఈ చరిత్ర గ్రంథాలయమునకు పరాయిది కాదు. సాయంకాలము పత్రిక తెరచు పనివాడు ఆ మూడవ పాలులోనుండియే కొంత కాలమును తెచ్చుకొనుచున్నాడు. అది తరిగిన నాడు పఠనమందిరమున దీపము వెలిగినను కుర్చీలు ఖాళీగానే యుండును.