సంఖ్య చెప్పిన దారిని నడచు కత్తి

పలాస నుండి సముద్రతీరము వైపు వ్యాపించిన తోటల సీమకు ఉద్దానము అని పేరు. ఉద్యానము అను మాట నుండియే ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. కొబ్బరి, జీడిమామిడి, పనస అచ్చటి ముఖ్యమైన చెట్లు. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాసకు సమీపమున తీరము దాటినప్పుడు ఇవి లెక్కకు మిక్కిలిగా నేలకూలినవి.

పనస మ్రాను వడ్రంగికి ప్రియమైన కలప. దానిపై పద్మమును చెక్కదలచిన వడ్రంగి ముందుగా గీత గీయును. పిమ్మట ఉలి ఎచ్చట ఎంత లోతు దిగవలెనో అతని కన్ను, చేయి నిర్ణయించును. ఈ నిర్ణయమును సంఖ్యలకు అప్పగింపవచ్చునా? ఈ ప్రశ్నకు లభించిన సమాధానములలో నొకటి, నేడు ఇండ్లలో సైతము బల్లపై అమర్చుకొనుచున్న సి.ఎన్.సి. రౌటరు. కంప్యూటరు పంపు సంఖ్యల ననుసరించి, గిరగిర తిరుగు కత్తిని మూడు దిక్కులలో నడిపి చెక్కను కోయు యంత్రమిది.

దీని కథ కంప్యూటరుతో గాక మరతో ఆరంభమగును. ఇంగ్లండులో హెన్రీ మాడ్‌స్లే 1800 ప్రాంతమున మరలను ఖచ్చితముగా కోయు లేతును నిర్మించినాడు. మర సమముగా ఉన్నచో, అది ఒక చుట్టు తిరిగినప్పుడెల్ల నట్టు ఒకే దూరము జరుగును. అనగా చుట్లను లెక్కించిన దూరము తెలియును. సంఖ్యకు, కదలికకు ముడి పడినది ఇచ్చటనే.

రెండవ మెట్టు అమెరికాలో. హెలికాప్టరు రెక్కల తయారీలో జాన్ పార్సన్స్ అను పారిశ్రామికునికి ఒక వంపు గీత కావలసి వచ్చినది. అతని సహచరుడు ఫ్రాంక్ స్టూలెన్ ఆ గీతపై 200 బిందువుల స్థానములను గణించి ఇచ్చినాడు. ఒకడు సంఖ్యలను చదువుచుండగా, ఇద్దరు పనివారు చెరియొక అక్షమును త్రిప్పుచు లోహమును కోసిరి. మనుష్యులు చేసిన ఆ పనిని యంత్రమునకు నేర్పుటకై 1949లో అమెరికా వైమానిక దళము ధనసహాయ మొసగినది. 1952లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో, చిల్లుల కాగితపు పట్టీ ఆజ్ఞాపింపగా లోహమును కోయు యంత్రము ప్రదర్శింపబడినది. దాని మెదడు శూన్యనాళికలతో కూర్చినది.

తెలుగు దేశమున యంత్రపరికరములను తయారు చేసిన ప్రాగా టూల్స్ సంస్థ 1943లో సికింద్రాబాదున స్థాపితమైనది. లోహమును కొలతకు కోయు విద్య ఆ కాలమున అట్టి కర్మాగారములకే పరిమితము. 1971లో మైక్రోప్రాసెసరు వెలువడినది. 2005లో ఇటలీలో ఆర్డుయినో అను చిన్న పలక పుట్టినది. 2009లో నార్వే దేశీయుడొకడు ఆ పలకపై నడచు గ్రబుల్ అను ప్రోగ్రామును అందరికి ఉచితముగా ఇచ్చినాడు. దానితో ఆ విద్య ఇంటి గడప దాటి లోనికి వచ్చినది.

ఇంటి యంత్రములో సాధారణముగా మరను త్రిప్పునది స్టెప్పర్ మోటారు. అది ఒక చుట్టును 200 అడుగులుగా వేయును. ఒక చుట్టుకు 5 మిల్లీమీటర్లు జరుపు మరకు దానిని తగిలించిన, ఒక్కొక్క అడుగు 0.025 మిల్లీమీటరు. లెక్క ఇంత సూక్ష్మమైనను చట్రము వంకరగా నున్న ఫలము లేదు. కాబట్టి మొదటి పరీక్ష పైథాగరస్ సిద్ధాంతమే. 300, 400 మిల్లీమీటర్ల భుజములు గల దీర్ఘచతురస్రపు నాలుగు మూలలలో చిల్లులు పొడిపించి, కర్ణములను కొలువవలెను. రెండును 500 మిల్లీమీటర్లుండవలెను. అసమానమైనచో చట్రపు మూల లంబముగా లేదు. సమానమై 500 కానిచో అడుగుల లెక్కను సవరింపవలెను.

రెండవ శత్రువు వదులు. అరిగిన నట్టు దిక్కు మారినప్పుడు మర కొంత తిరిగిన పిమ్మటగాని కదలదు. అందుచే గీసిన వృత్తము వృత్తముగా మిగులదు. పలాస వంటి తీరప్రాంతమున ఉప్పుగాలి మరకు తుప్పు పట్టించును. నూనె రాసినచోట చెక్కపొడి చేరి ముద్దయగును. కనుక ముందు పొడి తుడిచి, పిమ్మట పలుచగా నూనె రాయవలెను. వానకారు తేమకు అడుగు పలక ఉబ్బును; దానిని మరల చదును చేయవలెను. సన్నని పొడి ఊపిరితిత్తులకు హానికరము గనుక ముక్కుకు ముసుగు, కన్నులకు అద్దములు తప్పనిసరి.

కరెంటు పోయిన మరియొక చిక్కు. మోటారు తానెచ్చట నున్నదో ఎరుగదు. వేసిన అడుగులను లెక్కించుటయే ఎరుగును. ఆ లెక్క చెరిగినచో కత్తిని మొదటి గుర్తునకు చేర్చి పని తిరిగి ఆరంభింపవలెను. ఆ గుర్తును ముందే చెక్కపై నిలుపుకొనని వానికి పలక వ్యర్థమగును.

ఈ యంత్రము వడ్రంగి కన్నును పనికిరానిదిగా చేయలేదు. దాని చోటును మార్చినది. పూర్వమా కన్ను ఉలి మొనపై నిలిచెడిది. నేడు మూలమట్టముపై, కొలబద్దపై, మర యొక్క వదులుపై నిలువవలెను. సంఖ్య అబద్ధమాడదు, కాని వంకర చట్రము దానిచే అబద్ధమాడించును.