పాటకు తొలి యక్షరము

కావ్యమునకు పేరుండును, శతకమునకు మకుటముండును, పాటకు మాత్రము మన దేశమున తరచుగా తొలిమాటయే పేరు. త్యాగరాజస్వామి కీర్తనలను మనము పల్లవియందలి మొదటి మాటలతోనే గుర్తింతుము. మన సీమలోనే మరియొక నిదర్శనము కలదు. 1902లో బాపట్లలో జన్మించి, తెనాలి రామవిలాస సభవారి రంగస్థలముపై స్త్రీ పాత్రలు ధరించి ఆంధ్రదేశమంతట కీర్తి గన్న స్థానం నరసింహారావుగారు, "శ్రీకృష్ణ తులాభారము"న సత్యభామ వేషముతో నొక పాట పాడిరి. ఆ పాటకు వేరు శీర్షిక లేదు. "మీరజాలగలడా" యను తొలిమాటయే దానికి పేరయి నిలిచినది.

తొలి ధ్వని పాటకు పిడివంటిది. పిడి చేతనున్నంతకాలము పనిముట్టు మనది. పిడి యూడిన నాడు అది యింటనున్నను లేనట్లే. ఈ సత్యమును బాగుగ నెరిగి, తొలి ధ్వనినిబట్టి పాటను పట్టుకొనుటనే యింటింటి వేడుకగా మార్చుకొన్నవారు జపానీయులు. వారి చరిత్ర మనకు కొంత బుద్ధి చెప్పగలదు.

1235 ప్రాంతమున ఫుజివారా తేయికా యను కవి నూర్గురు కవులను ఎన్నుకొని, ఒక్కొక్కరి రచనలలో నుండి ఒక్కొక్కదానిని తీసి కూర్చెను. ఆ కూర్పునకు "హ్యాకునిన్ ఇష్షు" అని పేరు. నూర్గురు కవులు, తలకొక పద్యము అని దాని యర్థము. ఒక్కొక్క దానియందు వరుసగా 5, 7, 5, 7, 7 చొప్పున 31 అక్షరములుండును. వీనిని వారు "ఉతా" అందురు. ఆ మాట పాటకును పద్యమునకును చెల్లును. ఆ నూర్గురిలో 21 మంది స్త్రీలు. ఏడు వందల యేండ్లకు పూర్వమే యొక పండితుడు స్త్రీల కవిత్వమును పురుషుల కవిత్వముతో నొకే పంక్తిని కూర్చుండబెట్టెనన్నమాట.

గ్రంథము గ్రంథముగనే యుండిన, పండితుల పెట్టెలలో మ్రగ్గెడిదేమో. 16వ శతాబ్దిలో పోర్చుగీసు వర్తకులు పేకముక్కలను జపానునకు దెచ్చిరి. వారి మాటయే "కరుతా" యైనది. కాలక్రమమున ఈ నూరు పాటలును ముక్కలపై కెక్కినవి. ఆట యిట్లుండును: చదువువారి చేత నూరు ముక్కలు, వానిపై పూర్తి పాట, నేలపై పరచిన మరి నూరు ముక్కలపై చివరి రెండు పాదములు మాత్రమే. చదువరి పాట నారంభింపగనే, దాని తుది పాదములున్న ముక్కను ముందుగా తాకినవారిది గెలుపు. కొత్త యేడాది పండుగనాడు పిల్లలు, తల్లులు, తాతలు ఒకే చాపపై కూర్చుండి దీని నాడుదురు. 1904లో కురొయివా రుయికో యను పత్రికాధిపతి తోక్యోలో పోటీలు నడపి, నియమములను స్థిరపరచెను. ఆ పోటీలు నేటికిని జరుగుచున్నవి.

ఇందలి కీలకము తొలి ధ్వని. పాట పూర్తిగా వినువరకు కూర్చున్నవాడు ఓడిపోవును. ఎన్ని యక్షరములు వినగనే పాట యిదియేయని తేలునో, ఆ యక్షరములను వారు "కిమరిజి", అనగా నిర్ణయాక్షరములు, అందురు. ము, సు, మె, ఫు, స, హొ, సె అను ఏడు ధ్వనులతో ఒక్కొక్క పాటయే కలదు. మొదటి ధ్వని చెవిని పడుటయే తడవు చేయి కదలును. "గెంజి" కథను వ్రాసిన మురసాకి షికిబు పాట "మె"తో మొదలై యీ యేడింటిలో నొకటిగా నున్నది. "అ" తో మొదలగునవి 16 గలవు. అచ్చట తొందరపడినవాడు పొరబడును. మూడు జతలలో మొదటి అయిదక్షరములును సమానమే; ఆరవ యక్షరముగాని విడదీయజాలదు. ఆట సాగుకొలది ఈ లెక్క మారుచుండును: "ఉ" తో రెండు పాటలే కలవు; ఒకటి చదివివేసినచో, రెండవదానికి ఆ యొక్క ధ్వనియే చాలును. పసిపిల్లలకు వేరొక ఆట కలదు. అందు అక్షరమున కొక సామెత చొప్పున ముక్కలుండును. అక్షరములును లోకజ్ఞానమును ఒకేసారి పట్టుబడును.

ఇది పరదేశపు ముచ్చట యని త్రోసివేయరాదు. జపానీయుల అక్షరముల వరుసను పరికింపుడు: అ, ఇ, ఉ, ఎ, ఒ, పిమ్మట క, స, త, న, హ, మ, య, ర, వ. సంస్కృత వర్ణసమామ్నాయము నెరిగినవారికి ఇది పరిచితమైన త్రోవయే. వారి "స" పూర్వము చకారమునకు దగ్గర. వారి "హ" పూర్వము పకారము. కనుక క, చ, త, ప, య అను మన క్రమమే యది. బౌద్ధ మంత్రముల నుచ్చరించుటకై వారి భిక్షువులు సిద్ధమను భారతీయ లిపిని అభ్యసించిరి. కూకాయి యను ఆచార్యుడు 806లో చీనానుండి మరలివచ్చి ఆ విద్యను వ్యాపింపజేసెను. ఆ శిక్షాశాస్త్రమే ఈ వరుసకు మాతృక. చిరకాలము వారు వేరొక పద్యపు వరుసను వాడుచుండిరి. 1889-1891 నడుమ వెలువడిన "గెన్‌కై" నిఘంటువు ఈ వర్ణక్రమమునే యవలంబించినది.

తెనాలినుండి రేపల్లెకు పోవు రైలుదారిలో భట్టిప్రోలు కలదు. అచ్చటి స్తూపమును 1892లో అలెగ్జాండరు రీ త్రవ్వించి, అక్షరములు చెక్కిన రాతి ధాతుకరండములను వెలికి దీసెను. క్రీస్తునకు పూర్వపు ఆ లిపియు, జపాను భిక్షువుల సిద్ధ లిపియు బ్రాహ్మీ సంతతియే. అక్షరమును బౌద్ధుడు ఇచ్చట రాతిపై చెక్కెను. అచ్చట అక్షరక్రమము ఇంటింటి సొత్తయినది. మరి మనము తొలి యక్షరముతో నేమి చేసితిమి?

ఒక మంచి పని చేసితిమి. బద్దెన రచన యని చెప్పబడు సుమతి శతకము శ్రీకారపు పద్యము పిమ్మట అకారాది క్రమమున అచ్చయినది. వీధిబడిలో బాలుడు అకారపు పద్యములు ముగించి ఆకారమునకు పోవును. ఒక పద్యము మరచినను, అక్షరమే చేయి పట్టుకొని తరువాతిదానికి నడపును.

ఒక వ్యర్థపు పనియు చేసితిమి. కావ్యము ఏ యక్షరముతో మొదలైన కర్తకు కీడు, ఏ గణముతో మొదలైన కృతిపతికి మృత్యువు అని లక్షణ గ్రంథములు పట్టికలు వేసినవి. పాటను దొరకబుచ్చుకొనుటకు సాధనము కావలసిన తొలి యక్షరమును కవిని బెదరించుటకు వాడుకొంటిమి.

మూడవది, చేయక మానినది. మన యిండ్లలోని స్త్రీల పాటల కెవరును పిడి వేయలేదు. "ఊర్మిళాదేవి నిద్ర" వంటి పెద్ద పాటలకు కథయే పేరు గనుక అవి కొంత నిలిచినవి. జోలలు, నలుగు పాటలు, అప్పగింతలు, దంపుళ్ల పాటలు తొలిమాటపైననే ఆధారపడినవి. బియ్యపు మిల్లులు వచ్చి రోకళ్లు మూలబడగా దంపుళ్ల పాటకు తావే లేకపోయినది. నేదునూరి గంగాధరంగారివంటివారు ఊరూర తిరిగి సేకరించిరి. బిరుదురాజు రామరాజుగారు 1958లో "తెలుగు జానపదగేయ సాహిత్యము"ను ప్రకటించిరి. వారి ఋణము తీరనిది. కాని పండితులు ప్రతి గడపయు తొక్కజాలరు.

ఒకమారు నేను ఎనిమిదవ తరగతి పిల్లలను, ఇంట పెద్దవారు పాడు పాటల తొలిమాటలను వ్రాసికొని రమ్మంటిని. అందరును ఏవో కొన్ని తెచ్చిరి. "జో" తో మొదలగునవి యెక్కువ. ఒక బాలిక మాత్రము ఖాళీ కాగితముతో వచ్చినది. "మా నాయనమ్మకు పాట వచ్చునండి, మాస్టారూ. నడుమనుండి వచ్చును. మొదలు మరచిపోయినదట. మొదలు లేనిదే పాడకూడదని ఊరకున్నది" అని చెప్పినది. ఆ ముసలమ్మ మనస్సులో పాట యింకను ఉన్నది. తలుపు మాత్రము మూతపడినది. నాకు జపాను ఆట యందలి యర్థము ఆనాడు తెలిసినది.

తొలి ధ్వనిని పట్టుకొనువాడు అర్థమును వదలునని కొంద రాక్షేపింతురు. అది నిజమే, ముక్కను తాకుటకు కవి హృదయము తెలియనక్కరలేదు. కాని వాకిలి యిల్లు కాకపోయినను, వాకిలి లేని యింటిలోనికి ఎవరును పోలేరు. చిన్ననాట ధ్వనిగా చేరినది పెద్దనాట అర్థముగా విచ్చుకొనును. మనము శతకములు నేర్చిన విధ మదియే గదా.

కనుక గృహస్థులకు నా మనవి చిన్నది. ఇంటికొక పుస్తకము కుట్టుడు. అ మొదలు హ వరకు అక్షరమున కొక పుట విడువుడు. అమ్మమ్మ, నాయనమ్మ, మేనత్త పాడు పాటల తొలిమాటను ఆ పుటలో వ్రాసి, ప్రక్కన పాడినవారి పేరు, ఊరు, సందర్భము గుర్తింపుడు. ఒకే పాట తెనాలిలో నొక మాటతోను రేపల్లెలో వేరొక మాటతోను మొదలైనచో, ఇదియే సరియని తగవులాడక, రెండు పుటలలోను వ్రాయుడు. పాట నంతయు వ్రాయుటకు తీరిక మరునాడైన దొరకును. తొలిమాట మాత్రము నేడే వ్రాయవలెను. ముక్కలు కత్తిరించి పండుగనాడు పిల్లలచేత ఆడింపగలిగిన మరియు మంచిది.

ఖాళీ కాగితము తెచ్చిన ఆ బాలిక యింట పాట మొదలు ఎవరికైన జ్ఞాపకమున్నదేమో, చుట్టములను అడుగుచున్నారట. దొరకునని నా యాశ.