మస్టర్ వేళ ఓట్ల వేట

సింగరేణి బొగ్గు సంస్థలో, కార్మికుల తరఫున యాజమాన్యంతో మాట్లాడే గుర్తింపు సంఘం ఎన్నికలంటే ప్రచారమంతా బాయి గేటు దగ్గరే. మొదటి షిఫ్టు మస్టర్ (హాజరు) పడేలోపు మైకు పట్టుకున్న నాయకుడికి దొరికేది కొద్ది నిమిషాలు. కార్మికుడు బండి స్టాండులో పెట్టి, టోపీ తగిలించుకుని, క్యాప్ ల్యాంపు తీసుకునేలోగా మాట చెవిన పడాలి. ఎవరింట్లో డిగ్రీ చదివిన కొడుకు ఖాళీగా ఉన్నాడో, ఎవరు మెడికల్ బోర్డు పిలుపు కోసం చూస్తున్నారో, ఎవరికి క్వార్టర్ రాలేదో పిట్ కార్యదర్శికి ముందే తెలుసు. సబ్బుల కంపెనీలు సర్వేలు చేయించి రాబట్టే సంగతులు ఇక్కడ టీ బండి దగ్గరే తెలిసిపోతాయి.

ఒకప్పుడు సింగరేణిలో కార్మిక సంఘాలు లెక్కకు మించి ఉండేవి. ఎవరికి వారే సమ్మె పిలుపు ఇచ్చేవారు. 1998లో రహస్య ఓటింగ్‌తో గుర్తింపు సంఘాన్ని ఎన్నుకునే పద్ధతి వచ్చింది. ఓటు గుర్తుల్లో నక్షత్రం అంటే ఏఐటీయూసీ, గడియారం అంటే ఐఎన్‌టీయూసీ, బాణం అంటే టీబీజీకేఎస్. పేర్ల కంటే గుర్తులే జనం నోట ఆడాయి.

ఓటును సరుకులా అమ్మే కిటుకు కొత్తదేమీ కాదు. అమెరికాలో 1952లో ప్రకటనల నిపుణుడు రోసర్ రీవ్స్ అధ్యక్ష అభ్యర్థి ఐసెన్‌హోవర్ కోసం చిన్న చిన్న టీవీ ప్రకటనలు తయారుచేశాడు. సరుకుకు ఒకే ఒక్క గట్టి హామీ ఉండాలన్నది అతని సూత్రం. బొగ్గుబాయిలో ఆ ఒక్క హామీ వారసత్వ ఉద్యోగం. తండ్రి దుమ్ము మింగి సంపాదించిన కొలువు కొడుక్కి దక్కడం కంటే పెద్ద ఆశ ఆ ఇళ్లలో లేదు. 2017 మార్చిలో హైకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. అదే ఏడాది అక్టోబరు 5న పోలింగ్ జరిగేనాటికి అది, వైద్యపరంగా అన్‌ఫిట్ అయిన కార్మికుడి బిడ్డకిచ్చే కారుణ్య నియామకంగా పేరు మార్చుకుని మళ్లీ గేటు మీటింగులకు వచ్చింది. టీబీజీకేఎస్ రెండోసారి గెలిచింది. కన్నబిడ్డ బతుకుతో ముడిపడ్డ హామీని సబ్బు అమ్మినట్టు అమ్మడం నాకు మింగుడుపడదు.

అయితే ఈ ఓటరును తక్కువ అంచనా వేయకూడదు. 2023 నవంబరు 30న పోలింగ్ జరిగిన అసెంబ్లీ ఎన్నికల్లో జైపూర్ మండలం ఉన్న చెన్నూరు కాంగ్రెస్‌కు దక్కింది. నెల తిరగకముందే, డిసెంబరు 27న జరిగిన గుర్తింపు ఎన్నికల్లో, అదే మండలంలోని ఇందారం బాయి ఉన్న శ్రీరాంపూర్ ఏరియా ఏఐటీయూసీ వైపు మొగ్గింది. సంస్థ మొత్తం మీద దాదాపు 94 శాతం ఓట్లు పోలయితే, ఏఐటీయూసీ 1,999 ఓట్ల తేడాతో కాంగ్రెస్ అనుబంధ ఐఎన్‌టీయూసీని ఓడించింది. పాలించే పార్టీ పేరు చూసి సంఘానికీ ఓటు పడుతుందన్న లెక్క తప్పింది. సర్కారును ఎంచుకునే చెయ్యి వేరు, అన్‌ఫిట్ కాగితం కోసం ఆఫీసుల చుట్టూ తనతో తిరిగే మనిషిని ఎంచుకునే చెయ్యి వేరు.

ఈ సంతలో చోటే దొరకని వాళ్లు కాంట్రాక్టు కార్మికులు. జైపూర్‌లోని 1,200 మెగావాట్ల సింగరేణి విద్యుత్ కేంద్రంలోనూ, బాయిలలోనూ వాళ్లు చెమటోడుస్తున్నారు. గుర్తింపు ఎన్నికల్లో పర్మినెంటు ఉద్యోగులకే ఓటు. ఓటు లేని వాడి గుమ్మం ప్రచారం తొక్కదు. కోల్ ఇండియాలో కాంట్రాక్టు కార్మికులకు ఖరారైన హైపవర్ కమిటీ వేతనాల కోసం 2022 సెప్టెంబరులో ఆ కార్మికులు సమ్మెకు దిగి రోజుల తరబడి జీతం వదులుకున్నారు.